తెరెజా గారి తల్లి కోసం మిష్రిఫ్ దాకా

ప్రొద్దుటూరు మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాను. రిటైరయ్యాక అయినా ఇంట్లో కుదురుగా కూర్చుంటానని మా ఆయన ఆశపడ్డారు. నేనేమో పాత రికార్డుల్లో తాతముత్తాతల్ని వెతుక్కునేవాళ్ల ఆన్‌లైన్ గుంపు ఒకదాంట్లో చేరాను. మా సొంత వంశం ముత్తాత దగ్గరే ఆగిపోయింది. ఆ పైన ఎవరున్నారో చెప్పే కాగితం ఇప్పటికీ దొరకలేదు. అయితే చెదలు కొట్టిన రిజిస్టర్లు, సిరా వెలిసిపోయిన పేజీలు చదవడంలో నాకున్న అలవాటు చూసి ఆ గుంపులో నాకు కాస్త గౌరవం ఏర్పడింది. అక్కడే ఫ్రాంచెస్కా పరిచయమైంది. పుట్టింది ఇటలీలో. కువైటీ ఆయన్ని పెళ్లి చేసుకుని ముప్ఫై ఏళ్లకు పైగా కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఉంటోంది. వాళ్లమ్మ తెరెజా గారు కూడా ఆమె దగ్గరే ఉంటున్నారు. తల్లి తొంభయ్యో పుట్టినరోజుకు వంశవృక్షం గీయించి ఫ్రేము కట్టించి ఇవ్వాలని ఫ్రాంచెస్కా ముచ్చటపడింది. నా ప్రయాణానికి మూలం ఆ ముచ్చటే.

తెరెజా గారు పుట్టిన కొండ ఊళ్లో మున్సిపల్ ఆఫీసు రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయిందట. ఆ తర్వాత పుట్టిన తేదీలన్నీ పెద్దవాళ్లు నోటితో చెప్పినట్టు మళ్లీ రాసుకున్నారు. అసలు పుస్తకాలు మిగిలింది చర్చిలోనే. ఫ్రాంచెస్కా పెదనాన్న కొడుకు ఒకడు పొద్దున్నే ఆ చర్చికి వెళ్లి, దొరికిన కాస్త సమయంలో బాప్తిస్మాల పుస్తకం, మరణాల పుస్తకం టకటకా ఫోటోలు తీసి రెండు వందలకు పైగా పంపించాడు. మొదట తెరెజా గారి బాప్తిస్మం పేజీ దొరికింది. ఫ్రాంచెస్కా సంబరపడిపోయింది. అదే సంబరంలో మరణాల పుస్తకం తెరిచింది. పియెత్రో, లూచియా దంపతుల కూతురు తెరెజా, పద్నాలుగు నెలల వయసులో చనిపోయింది అని రాసి ఉంది. తల్లిదండ్రుల పేర్లు అవే, ఊరు అదే. ఆ దిగ్భ్రమలో ఏమీ ఆలోచించకుండా ఆ పేజీ తీసుకెళ్లి తల్లికే చూపించిందట. ఆవిడ చాలాసేపు చూసి, "అయితే నేనెవరి పిల్లను?" అని ఒక్కసారి అడిగారట. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మంచం పక్కన ఉండే తన తల్లి ఫోటో తీసి సొరుగులో పెట్టేశారు. పుట్టినరోజు వద్దన్నారు. నేను వాళ్లింటికి వెళ్లేనాటికి ఇది జరిగి నలభై రోజులైంది.

"కువైట్ దగ్గర్లో ఎవరైనా ఉన్నారా?" అని ఫ్రాంచెస్కా గుంపులో అడిగిన వారానికి నేను కువైట్‌లోనే ఉన్నాను. మా చెల్లెలి కూతురు ప్రమీల అబూ హలీఫాలో ఉంటుంది, నర్సు. విజిట్ వీసా మీద నెల రోజులకు నన్ను పిలిపించుకుంది. సంగతి చెబితే ప్రమీల మొహం మాడ్చుకుంది. "పెద్దమ్మా, నువ్వు పోయి బాగా వెతికి, ఆయమ్మ నిజంగానే వాళ్ల బిడ్డ కాదని తేల్చిపెట్టి వస్తే? తొంభై ఏండ్ల మనిషికి ఇప్పుడు అది తెలిసి ఏం కావల్ల?" అంది. నిజం చెప్పాలంటే నా భయం కూడా అదే. కానీ తెలియకుండా ఉండే అవకాశం ఆవిడకు అప్పటికే పోయింది కదా అనుకుని బయలుదేరాను.

ఇలాంటి పనికి శుక్రవారం పొద్దున మంచిది. సెలవు రోజు కావడంతో ఎనిమిదిన్నరకు రోడ్లన్నీ ఖాళీగా ఉంటాయి. అబూ హలీఫా నుంచి మిష్రిఫ్‌కు కారులో అరగంట కూడా పట్టదు. బస్సులో వెళితే మూడు వందల ఫిల్సులతో సరిపోతుంది కానీ మిష్రిఫ్ లోపల విల్లాల మధ్య చాలా దూరం నడవాలి. అందుకని ఫోన్ చేసి టాక్సీ పిలిపించుకున్నాను. నాలుగు దీనార్లన్నారు. డ్రైవర్ గంగారాం జగిత్యాల మనిషి. ఎక్కి కూర్చోగానే అద్దంలో నన్ను చూసి తెలుగులో పలకరించాడు.

"మిష్రిఫ్‌ల పనికి పోతున్రా అమ్మా? గీ వయసుల ఎందుకొచ్చిన్రు?"

పనికి కాదు, ఇటలీ వాళ్ల ముత్తాతల కాగితాలు చూడ్డానికి అన్నాను. సిగ్నల్ దగ్గర బండి ఆపి పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"ఇటలోళ్ల ముచ్చట కువైట్ల ఎట్ల దొర్కుతదమ్మా? నాకైతే మా తాత పేరు తెల్సు, గాయన నాయన పేరు తెల్వది. ఇఖామాల, గీడ ఉండనిచ్చే కార్డుల, నా పేరుంటె సాలు. పుట్టిన తేదీ సుత మా సారు రాసిందే, జనవరి ఒకటి. మా ఊర్ల సగం మంది జనవరి ఒకటినాడే పుట్టిన్రు."

నాకు నవ్వాగలేదు. అలాంటి జనవరి ఒకట్లు నా చేత్తో ఎన్ని రాశానో లెక్కలేదు. దారిలో మహబూలా దగ్గర ఆగి జోసఫ్ గారిని ఎక్కించుకున్నాం. ఆయన మలయాళీ, ఒక కంపెనీలో అకౌంటెంటు, మా గుంపులో సభ్యుడు. కుర్రతనంలో పాదిరీ కావాలని సెమినరీలో చేరి రెండేళ్లకే బయటికొచ్చేశారట. ఆ రెండేళ్ల లాటినే ఇప్పుడు మాకు దిక్కు. మహబూలాలో తన గదిలో ఇంకో ఐదుగురు ఉంటారని, శుక్రవారం పొద్దున నిశ్శబ్దంగా లాటిన్ చదువుకునే చోటు దొరకడమే తనకు పెద్ద విహారమని అన్నారు. ఆయన కూడా దారి పొడవునా ప్రమీల అడిగిన ప్రశ్నే వేరే మాటల్లో అడుగుతూ వచ్చారు. ఇద్దరం ధైర్యం చెప్పుకున్నాం గానీ ఎవరికీ ధైర్యం లేదు.

ఫిబ్రవరిలో కువైట్ జాతీయ దినోత్సవం కావడంతో మిష్రిఫ్‌లో ప్రతి విల్లా మీదా జెండాలు, లైట్ల తోరణాలు కనిపించాయి. తొమ్మిదింటికి ఫ్రాంచెస్కా గేటు దగ్గరే ఎదురైంది. ఫోన్లో గలగలా మాట్లాడే మనిషి, ఎదురుగా చూస్తే కళ్ల కింద నల్లబడి నీరసంగా ఉంది. తెరెజా గారు వెనక తోటలో ఎండకు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు, వీపు నిటారుగా. నేను నమస్కారం పెడితే మర్యాదగా తల ఊపారు. మేమెందుకు వచ్చామో ఆవిడకు తెలుసు. మా వైపు మాత్రం మళ్లీ చూడలేదు.

భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పని మొదలుపెట్టాం. బాప్తిస్మం పేజీ, మరణం పేజీ జోసఫ్ గారు అక్షరం అక్షరం చదివి ఇంగ్లీషులో చెప్పారు. తప్పేమీ లేదు, రెండింట్లోనూ ఉన్నది ఒకే బిడ్డ. నాకు రిజిస్టర్ కనిపిస్తే కళ్లు ముందు మార్జిన్ మీదికే పోతాయి. మా దగ్గర పేరు మార్పులు, దత్తతలు రాసేది అక్కడే. ఈ బాప్తిస్మం పక్కన మార్జిన్‌లో చనిపోయిందని తెలిపే చిన్న సిలువ గుర్తు తప్ప ఏమీ లేదు. "వీళ్లు ఇక్కడ మామూలుగా ఏం రాస్తారు?" అని అడిగాను. ఆ మనిషికి ఎక్కడ పెళ్లయినా ఆ చర్చి వాళ్లు పుట్టిన ఊరి చర్చికి ఉత్తరం రాస్తారని, ఆ పెళ్లి వివరం మార్జిన్‌లో ఎక్కిస్తారని జోసఫ్ గారు చెప్పారు. అంతటితో నేను నోరు మూసుకుని ఉండవలసింది. మూసుకోలేదు. "అయితే తెరెజా గారి పెళ్లి ఇక్కడ ఉండాలి కదా, లేదేం?" అనేశాను. ఉన్న అనుమానానికి నేనే ముద్ర కొట్టినట్టయింది. ఫ్రాంచెస్కా రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

తర్వాత గంటన్నర మేం చేసిన పనులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ ఊరి చుట్టుపక్కల పట్టణాల్లో అనాథాశ్రమాలు ఏమేం ఉండేవో జాబితా రాశాం. వాటిల్లో ఒకదానికి జోసఫ్ గారు ఉత్తరం ముసాయిదా కూడా తయారుచేశారు. దత్తత కాగితాలు ఎక్కడ దాస్తారో వాదించుకున్నాం. ప్రపంచమంతా తిరగడానికి సిద్ధపడ్డాం గానీ కంప్యూటర్‌లో ఉన్న మిగతా ఫోటోలు తెరవాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మరణం పేజీ చూసిన రోజున ఫ్రాంచెస్కా ఆ ఫోల్డర్ మూసేసి మళ్లీ ముట్టుకోలేదు. మాకు పంపింది కూడా ఆ రెండు పేజీలే. పేరు దొరికింది, తల్లిదండ్రులు సరిపోయారు, ఇంకేం కావాలి అనుకున్నాం. వంశాలు వెతికేవాళ్ల జబ్బే ఇది.

పదకొండింటికి మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పారిపోయాను. అక్కడ ఒకామె బియ్యం కడుగుతూ తనలో తాను తెలుగులో గొణుక్కుంటోంది. నేను పలకరించగానే ఉలిక్కిపడి నవ్వింది. పేరు ఈశ్వరమ్మ, రాయచోటి పక్కన పల్లె. ఈ ఇంట్లో పదిహేడేళ్లుగా వంట చేస్తోంది.

"మీది యాడక్కా?"

"పొద్దుటూరు."

"అట్నా! అయితే మన పక్కే కదా. అక్కా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. పెద్ద మామా నెలదినాల నుంచి సరిగ్గా తినడంల్యా. ఏం చేసినా రొండు మెతుకులే. ఏమైందని అడిగితే మామా ఏడుస్తాది. నాకెవురు చెప్తారు? మీరేమన్నా ఆమె ఆస్తి కాయితాలు చూస్తాండారా?"

కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు; ఈశ్వరమ్మకు ఫ్రాంచెస్కా మామా, తెరెజా గారు పెద్ద మామా. విషయమంతా చెప్పాను. పుట్టిన పుస్తకంలో తెరెజా అనే బిడ్డ ఉందని, ఆ బిడ్డ పద్నాలుగు నెలలకే చనిపోయినట్టు ఇంకో పుస్తకంలో ఉందని, అందుకే ఈవిడ ఎవరి బిడ్డో తెలియకుండా పోయిందని. ఈశ్వరమ్మ బియ్యం గిన్నె పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"దీనికేనా అక్కా ఇంత? నా పేరు గూడా సచ్చిపోయినదాని పేరే."

"అంటే?"

"మా యమ్మకు నాకంటే ముందర ఒక ఆడపిల్ల పుట్టి సచ్చిపోయింది. అదీ ఈశ్వరమ్మే. మా పల్లెలో అట్లా బిడ్డ పోతే, ఈసారి బతకల్లని పుల్లమ్మ, పెంటమ్మ అని పెడ్తారు కదా. మా యమ్మ ఒప్పుకోల్యా. నా బిడ్డే మళ్లీ వచ్చింది, దాని పేరే పెట్టాలనింది. ఆ పేరే నాకు పెట్నారు. పెద్ద మామా వాళ్లమ్మ గూడా అట్లే పెట్టిందేమో. ఆ తర్వాత ఎవరు పుట్నారో చూసినారా?"

చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, రెండేళ్ల సెమినరీ, ఇంత పెద్ద గుంపు ఉండీ చూడలేదు. మంచినీళ్లు తాగకుండానే పరుగెత్తాను. నేను చెప్పింది విని జోసఫ్ గారు నుదురు కొట్టుకున్నారు. ఇటలీ పల్లెల్లో తాత పేరో నాయనమ్మ పేరో నిలబెట్టాలని, ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు పెట్టడం మామూలేనని ఆయనకు తెలుసట. తెలిసిన సంగతి వేళకు గుర్తురాకపోతే ఏం లాభం అని ఆయనే తనను తాను తిట్టుకున్నారు. మౌస్ నేను తీసుకున్నాను. చనిపోయిన తేదీ తర్వాతి బాప్తిస్మం పేజీలు ఒక్కొక్కటే తిప్పాం. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. బిడ్డ పోయిన పది నెలలకు ఇంకో బాప్తిస్మం. జోసఫ్ గారు వేలు పెట్టి చదివారు: తెరెజా, పియెత్రోకూ ఆయన భార్య లూచియాకూ పుట్టిన కూతురు.

నా కళ్లు అప్పటికే మార్జిన్ మీద ఉన్నాయి. అక్కడ వేరే సిరాతో, వేరే చేతిరాతతో నాలుగు వరుసలు ఉన్నాయి. జోసఫ్ గారు రెండు వరుసలు చదివేసరికి ఫ్రాంచెస్కా కుర్చీలోంచి లేచి నిలబడింది. అది వాళ్ల నాన్న పేరు. అమ్మా నాన్నలకు పెళ్లయిన చర్చి, పెళ్లయిన తేదీ. ఇంకేం రుజువు కావాలి! ఫ్రాంచెస్కా నన్ను కౌగిలించుకుంది, జోసఫ్ గారిని కౌగిలించుకుంది, గుమ్మంలో నిలబడి చూస్తున్న ఈశ్వరమ్మను గట్టిగా పట్టుకుని వదల్లేదు.

"ఖలాసా అక్కా? దొరికిందా?" అని ఈశ్వరమ్మ ఆమె భుజం మీదుగా నన్ను అడిగింది.

"ఖలాస్, అయిపోయింది. నువ్వు చెప్పినట్టే ఉంది," అన్నాను.

కంప్యూటర్‌ను తోటలోకి తీసుకెళ్లాం. తెరెజా గారు మొదట చదవనన్నారు. ఫ్రాంచెస్కా ఆవిడ కాళ్ల దగ్గర గడ్డిలో కూర్చుని ఇటాలియన్‌లో మెల్లగా చెప్పుకొచ్చింది. ఆవిడ జోసఫ్ గారిని పిలిచి ఆ పేజీ మూడుసార్లు చదివించుకున్నారు. ఆవిడ తెర మీద తన తల్లి పేరున్న చోట వేలు పెట్టి అలాగే ఉంచారు. తర్వాత చాలాసేపు మాట్లాడారు, ఫ్రాంచెస్కా ఒక్కో ముక్కా నాకు ఇంగ్లీషులో చెప్పింది.

తొమ్మిదేళ్లు వచ్చేదాకా తల్లి ఆవిడను వేరే మంచం మీద పడుకోనివ్వలేదట. కాస్త దగ్గితే స్కూలు మాన్పించేదట. అన్నలు మంచులో ఆడుకుంటుంటే ఆవిడ కిటికీలోంచి చూడాల్సిందే. పెద్దయ్యాక ఆ తల్లితో నిత్యం గొడవే. పెళ్లయి వెళ్లేటప్పుడు బస్సు కిటికీలోంచి వెనక్కి కూడా చూడలేదట. "నన్ను నమ్మదని కోపం. ఒకతెను పోగొట్టుకుందని నాకెవరూ చెప్పలేదు," అన్నారు. అప్పుడు ఏడ్చారు. మేమంతా ఏడ్చాం. నలభై రోజులుగా బిగుసుకుపోయిన ఇల్లు అప్పుడు వదులైంది.

తేలికపడ్డాక లెక్కలు మొదలయ్యాయి. యుద్ధం తర్వాత మళ్లీ రాయించేటప్పుడు తండ్రి చనిపోయిన పెద్ద తెరెజా పుట్టిన సంవత్సరం చెప్పేశాడన్నమాట. ఆవిడకు వచ్చే నెల నిండేది తొంభై కాదు, ఎనభై ఎనిమిదే. మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చిన ఫ్రాంచెస్కా భర్త సంగతి విని అత్తగారి చేయి పట్టుకుని, "మబ్రూక్, రెండేళ్లు మిగిలాయి," అని అభినందించాడు. తొంభై అంకె వేయించిన కేక్ ఆర్డర్ మార్చాలా అని కూతురు అడిగితే, దాచి ఉంచు, రెండేళ్ల తర్వాత తింటాను అని ఆవిడ అన్నారు. బల్ల మీద ఈశ్వరమ్మ మచ్బూస్ పెట్టింది, మన పలావు లాంటి అన్నం, మీద కోడి ముక్కలు. తెరెజా గారు రెండుసార్లు వడ్డించుకున్నారు. "యల్లా పెద్ద మామా, యల్లా," అని తినమని తొందరపెడుతూ ఈశ్వరమ్మ మూడోసారి వడ్డించబోతే ఆవిడ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వంశవృక్షంలో ఇద్దరు తెరెజాలనూ పక్కపక్కనే రాయాలని షరతు పెట్టారు. "ఇంత వయసుకు నాకొక అక్క దొరికింది," అన్నారు.

నాలుగింటికి గంగారాం మళ్లీ వచ్చాడు. సెలవు సాయంత్రాలు సముద్రం వైపు వెళ్లే రోడ్లన్నీ నిండిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి గంట చేతిలో పెట్టుకోండి. జోసఫ్ గారు మహబూలాలో దిగేదాకా ఈల వేస్తూనే ఉన్నారు. దొరికిందా అని గంగారాం అడిగితే కథంతా చెప్పాను. "గంతేనా? జర్ర ముందుకు తిప్పి చూస్తే అయిపోతుండె," అన్నాడు. కాదని ఎలా అనను!

ఇంటికొచ్చి ప్రమీలకు చెబుతుంటే మనసు దూదిపింజలా ఉంది. తర్వాత స్నానం చేస్తుండగా నా ఆఫీసు కౌంటర్ ముందు నిలబడ్డ ఒకామె గుర్తొచ్చింది. పాస్‌పోర్ట్ కోసం జనన ధ్రువపత్రం కావాలని వచ్చింది. రిజిస్టర్ తీస్తే ఆ పేరుతో, ఆ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ చిన్నప్పుడే చనిపోయినట్టుంది. "నువ్వు చచ్చిపోయినావమ్మా, ఈ రిజిస్టర్ ప్రకారం," అని నేనన్నాను. సెక్షన్ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, చేతిలో ఉన్న దరఖాస్తు మడతపెట్టుకుని వెళ్లిపోయింది. నేను ఇంకో పేజీ తిప్పలేదు. ఆమె పేరు గుర్తు తెచ్చుకోవాలని అప్పటి నుంచీ ప్రయత్నిస్తున్నాను, రావడం లేదు. తెరెజా గారి విషయంలో ఎంత హాయిగా ఉందో, ఆమె విషయంలో అంత బాధగా ఉంది. మా సెక్షన్‌లో ఇప్పుడున్న అమ్మాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇకమీదట అలా ఎవరినీ వెనక్కి పంపనని తను మాటిచ్చింది.

ఈ పని మీద బయలుదేరే మీకు ఒక్కటే చెప్పగలను. వెతికిన పేరు దొరగ్గానే పుస్తకం మూయకండి. అవే తల్లిదండ్రులకు ఆ తర్వాతి ఐదేళ్లలో పుట్టిన పిల్లలందరినీ చూడండి, ప్రతి ఒక్కరి పక్కనా మార్జిన్ చదవండి. అది మాకు పదిహేను నిమిషాల పని. దాన్ని ముందే చేయనందుకు ఒక పెద్దావిడ నలభై రోజులు తల్లి లేనిదానిలా గడిపింది.